అతుకుతో రాని అనుమతులు

మూలపాఠమునందలి దోషమును కనుగొని, దానిని సవరించు అతుకును (ప్యాచ్‌ను) శ్రద్ధగా వ్రాసి, ప్యాకేజీని నిర్మింపబూనిన వానికి, ప్రోగ్రామునందు గాని తాను చేసిన సవరణయందు గాని తప్పేమియు లేకపోయినను, కంపైలరు తన పనిని ప్రారంభింపకమునుపే తెరపై ‘పర్మిషన్ డినైడ్’ అను రెండు మాటలు కనిపించి పని నిలిచిపోవుట ఈ వృత్తియందున్న వారెల్లరు ఎరిగినదే. ఆ మాటలను చూచినంతనే చాలమంది రెండు పనులలో నొకటి చేయుదురు. కొందరు కనిపించిన ఫైళ్లన్నిటికిని 777 అని యిచ్చి సర్వజనులకు సర్వాధికారములను ధారపోయుదురు. కొందరు ఆదేశమునకు ముందు సుడో చేర్చి రూట్ అధికారముతో పనిని నెట్టుకొనిపోవుదురు. ఈ రెండును చిక్కును కప్పిపుచ్చునే గాని విప్పవు. చిక్కు ఎచ్చట పుట్టినదో తెలియవలెనన్నచో అర్ధశతాబ్దము వెనుకకు పోవలెను. ఫైలులోని పాఠము వేరు; ఆ ఫైలును ఎవరు చదువవచ్చును, ఎవరు దిద్దవచ్చును, ఎవరు నడుపవచ్చును అను నిర్ణయము వేరు. ఈ రెండింటిని యూనిక్సు నిర్మాతలు వేర్వేరు చోట్ల నుంచిరి. తరువాత పాఠమును ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు చేరవేయుటకై పుట్టిన సాధనములు అనుమతులను వెనుకనే విడిచిపోయినవి. ప్యాకేజీ నిర్మాణచరిత్రలో పెద్ద భాగము, అట్లు విడువబడిన దానిని మరల తెచ్చి చేర్చుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే యని నా నమ్మకము.

ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతి పుట్టకమునుపు ఈ ప్రశ్నకు తావే లేకుండెను. ఎవని కార్డుల కట్ట వానిది. పని ముగిసిన పిదప దానిని వాడే తీసికొనిపోయెడివాడు. 1961 నవంబరులో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీయందు ఫెర్నాండో కొర్బాటోయు ఆయన సహచరులును సీటీఎస్ఎస్ అను కాలవిభజన వ్యవస్థను ప్రదర్శించిరి. ఆ వ్యవస్థ పెరిగిన కొలది, పరస్పర పరిచయమైనను లేని వారి ఫైళ్లు ఒకే డిస్కుపై ప్రక్కప్రక్కన చేరినవి. 1960ల నడుమ నొకనాడు, యంత్రమునందు ప్రవేశించిన ప్రతివానికిని ఆనాటి ప్రకటనకు బదులు వాడుకరులందరి పాస్‌వర్డుల పట్టిక అచ్చయి వచ్చెను. నిర్వాహకు లిద్దరు ఒకే డైరెక్టరీయందు, ఒకరు ప్రకటనను మరొకరు పాస్‌వర్డుల పట్టికను, ఒకే సమయమున దిద్దుచుండగా, ఎడిటరు ఇద్దరికిని ఒకే పేరు గల తాత్కాలికపు ఫైలును వాడుటచే రెండు పాఠములును తారుమారైనవి. ఈ సంగతిని కొర్బాటోయే తన ట్యూరింగ్ పురస్కారోపన్యాసమున చెప్పెను. అచ్చట దొంగ యెవడును లేడు, దురుద్దేశము లేదు, ఐనను అనర్థము జరిగెను. ఫైళ్లకు కావలి కావలసివచ్చినది పరులవలన కంటె మిన్నగా, ఒకే చోట కూడి పనిచేయు స్వజనులవలననే యని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

పిదప వచ్చిన మల్టిక్స్ ప్రణాళికలో ఈ విషయమును గూర్చి బహుళముగా నాలోచించిరి. 1965లో డేలీ, నాయ్‌మన్ అనువారు ప్రకటించిన వ్యాసమునందు, ప్రతి ఫైలునకును ఒక జాబితా యుండవలెననియు, ఏ వాడుకరికి చదువుటకు, వ్రాయుటకు, నడుపుటకు, చివర చేర్చుటకు అధికారము కలదో అందు పేరు పేరున తెలుపవలెననియు ప్రతిపాదించిరి. యోచన సమగ్రమైనదే, కాని ప్రణాళిక యంతయు నానాటికి భారమై, కాలము మీరి, 1969లో బెల్ ప్రయోగశాలల వారు దానినుండి తప్పుకొనిరి.

తప్పుకొన్న వారిలోని కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు న్యూజెర్సీలోని మర్రేహిల్‌యందు, అంతగా వాడుకలో లేని ఒక పీడీపీ-7 యంత్రముపై యూనిక్సునకు అంకురార్పణ చేసిరి. ఆ వ్యవస్థకు తొలి నిర్దేశగ్రంథము 1971 నవంబరు 3వ తేదీని వెలువడినది. అందలి, అనుమతులను మార్చు సీహెచ్‌మాడ్ అను ఆదేశమునకు సంబంధించిన పుటను చూచిన నేటి పాఠకుడు, గుంపుల ప్రసక్తియే లేకుండుట గమనించి ఆశ్చర్యపడును. యజమాని చదువుటకొక బిట్టు, వ్రాయుటకొక బిట్టు. ఇతరులు చదువుటకొకటి, వ్రాయుటకొకటి. ఇది నడుపదగిన ఫైలని తెలుపుట కొకటి. ఎవరు నడిపినను యజమాని అధికారముతోనే నడువవలెనని తెలుపుట కొకటి: వెరసి యారు. 1974లో థాంప్సన్, రిచీలు ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసమునాటికి అవి యేడైనవి. 1978లో ఆ వ్యాసమునే సవరించి ముద్రించునాటికి యజమాని, ఆయన గుంపు, తక్కిన లోకము అను మూడు వర్గములును, వర్గమునకు మూడేసి బిట్లును ఏర్పడి, పదియవదానితో కూడ నేటి రూపము వచ్చినది. మల్టిక్సు జాబితాలతో పోల్చినచో ఇది మిక్కిలి కురుచ వ్యవస్థ. చదువుటకు నాలుగు, వ్రాయుటకు రెండు, నడుపుటకు ఒకటి అని కూడుకొని 644 అనియు 755 అనియు మూడంకెలలో చెప్పదగినంత కురుచ. ఆ సంక్షిప్తతయే దానిని బ్రతికించినదని చెప్పవలెను. మూడంకెలను మనస్సునందుంచుకొనలేని వాడెవ్వడును లేడు.

ఆ పదియవ బిట్టును గూర్చి ఒక మాట. యజమాని అధికారముతో ప్రోగ్రామును నడుపు ఈ ఉపాయమునకు రిచీ 1973లో పేటెంటునకు దరఖాస్తు చేయగా, 1979 జనవరిలో నది మంజూరైనది. దానిని తరువాత సర్వజనోపయోగమునకు విడిచిపెట్టిరి.

ఇక ఈ చరిత్రలో మనకు ముఖ్యమైన భాగమునకు వత్తము. ఈ బిట్లు ఫైలులోని పాఠమునందుండవు. ఫైలు పరిమాణము, యజమాని సంఖ్య, గుంపు సంఖ్య, మార్పు జరిగిన కాలము మొదలగువానితో కూడ ఐనోడ్ అను వేరొక చిన్న పట్టికలో నుండును. విశేషమేమనగా, ఫైలు పేరు ఆ పట్టికలోనైనను ఉండదు. పేరును, దాని కెదురుగా ఐనోడ్ సంఖ్యయు డైరెక్టరీయందు వ్రాయబడి యుండును. కావున ఒక ఫైలును తొలగించుట, పేరు మార్చుట, దాని స్థానమున వేరొక ఫైలును ప్రతిష్ఠించుట అనునవి ఆ ఫైలుపై చేయు పనులు కావు. డైరెక్టరీలోని పట్టికపై చేయు పనులు. ఫైలునకు 444 అని వ్రాయుట నిషేధించినను, డైరెక్టరీయందు వ్రాయు అధికారమున్నవాడు దానిని తీసివైచి, అదే పేరుతో క్రొత్తదానిని పెట్టగలడు. ఫైలునకు 666 అని అందరికి వ్రాయు అధికార మిచ్చినను, డైరెక్టరీయందు వ్రాయు అధికారము లేనివాడు దాని పాఠమును దిద్దగలడే గాని దానిని తొలగింపజాలడు. డైరెక్టరీకి నడుపు బిట్టు ఉండుట యనగా దాని గుండ లోనికి పోవు అధికార ముండుట. పైనున్న డైరెక్టరీలలో ఏ యొక్కదానికి ఈ బిట్టు లేకున్నను, అడుగున నున్న ఫైలునకు 777 అని యిచ్చియు ప్రయోజనము లేదు. నేను చూచినంతలో, ప్యాకేజీ నిర్మాణమున అనుమతి దొరకక తికమకపడువారిలో అధికులు ఫైలును మాత్రమే పరీక్షింతురు. ఆటంకమేమో దాని తండ్రియందో తాతయందో యుండును. నేమీ అను ఆదేశమునకు ఎల్ అను గుర్తు చేర్చి పూర్తి దారిని ఇచ్చినచో, మూలమునుండి ఫైలు వరకు గల ప్రతి మెట్టు యొక్క యజమానియు అనుమతులును వరుసగా కనబడును. ఇంతటి ఉపకారి యగు ఆదేశము ఇంత తక్కువమందికి తెలిసియుండుట విచారకరము.

1974 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలలోనే డగ్లస్ మెకిల్‌రాయ్ డిఫ్ అను ప్రోగ్రామును వ్రాసెను. దాని గణితపద్ధతిని జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో ప్రకటించెను. రెండు పాఠములను పోల్చి భేదములను మాత్రమే తెలుపుట దాని పని. ఆ భేదములను తిరిగి మూలమునకు వర్తింపజేయు నమ్మకమైన సాధనము కొరకు మరి పదేండ్లకు పైగా వేచియుండవలసివచ్చెను. 1985 మే నెలలో, తరువాత పెర్ల్ భాషను సృష్టించిన ల్యారీ వాల్, ప్యాచ్ అను ప్రోగ్రామును లోకమునకు పంచెను. అంతకుముందు పంక్తుల సంఖ్యనుబట్టి యాంత్రికముగా సవరణలు చేయుటచే, పైన నొక్క పంక్తి పెరిగినను క్రిందిదంతయు చెడెడిది. ప్యాచ్ అట్లుగాక, చుట్టునున్న పంక్తులను చూచి, అవి కొంత జరిగియున్నను సరియైన తావును వెదకి పట్టుకొనెడిది. ఒకరి ప్రోగ్రామును వేరొకరు దూరమునుండి సవరించుట దీనివలననే సులభసాధ్యమైనది. స్వతంత్ర సాఫ్టువేరు ఉద్యమమునకు ఈ చిన్న ప్రోగ్రాము చేసిన మేలు, పెద్ద పెద్ద వ్యవస్థలు చేసిన మేలుకంటె తక్కువది కాదు.

ఐతే డిఫ్ చూచినది పాఠమును మాత్రమే. అతుకు శిరోభాగమున పాత ఫైలు పేరు, క్రొత్త ఫైలు పేరు, వాని కాలము, పిదప కూడికలు, తీసివేతలు. అంతే, ఐనోడులోని తొమ్మిది బిట్లకు అందు చోటు లేదు. ఉన్న ఫైలును దిద్దునప్పుడు దీనివలన హాని లేదు. ప్యాచ్ ఆ ఫైలునకు పూర్వమున్న అనుమతులనే క్రొత్త ప్రతికి నిచ్చును. చిక్కంతయు అతుకు ఒక క్రొత్త ఫైలును పుట్టించునప్పుడు. వ్రాసినవాని యంత్రమున 755గా నుండిన ఒక షెల్ స్క్రిప్టు, అతుకులో నెక్కి, పుచ్చుకొన్నవాని యంత్రమున దిగునప్పటికి 644 యగును. అక్షరమొక్కటియు మారలేదు, నడుచు శక్తి మాత్రము పోయినది. మేక్‌ఫైలు దానిని పేరుతో పిలిచినంతనే ‘పర్మిషన్ డినైడ్’. దానినే షెల్‌నకు అప్పగించి చదివి నడుపుమన్నచో నిరాటంకముగా నడచును. ఏలయన షెల్‌నకు కావలసినది చదువు బిట్టు మాత్రమే. ఈ చిన్న భేదమే మంచి పరీక్ష. షెల్ ద్వారా నడచి, నేరుగా నడువనిచో, పోయినది నడుపు బిట్టని నిశ్చయింపవచ్చును. అది యున్నను నేరుగా నడువకున్నచో, ఆ డిస్కుభాగమునే నోఎక్సెక్ అను నిబంధనతో తగిలించియుండిరేమో చూడవలెను.

లినక్సు పంపిణీయగు డెబియన్ వారి పూర్వపు సోర్సు పద్ధతిలో, మూలగ్రంథము ఒక కట్టగాను, డెబియన్ వారు చేర్చినదంతయు ఒక్క డిఫ్‌గాను ఉండెడివి. నిర్మాణమున కంతటికి ఆధారమైన రూల్స్ అను ఫైలు సైతము ఆ డిఫ్‌నుండియే పుట్టవలసియుండుటచే నడుపు బిట్టు లేకుండ పుట్టెడిది. కాబట్టి కట్టను విప్పు ప్రోగ్రామే దానికి ప్రత్యేకముగా ఆ బిట్టును ప్రసాదించెడిది. తక్కిన స్క్రిప్టులకు అట్టి ఆదరణ లేదు; ప్యాకేజీకర్తయే స్మరించి ఇచ్చుకొనవలెను. తరువాతి పద్ధతిలో డెబియన్ డైరెక్టరీని టార్ కట్టగానే పంపుటచే ఆ డైరెక్టరీమట్టుకు బాధ తీరినది.

దీనికి విపర్యయమైన చిక్కు మరియొకటి. 1980ల ఆదిలో వాల్టర్ టిచీ పర్డ్యూ విశ్వవిద్యాలయమునందు నిర్మించిన, ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరచు ఆర్‌సీఎస్ వంటి వ్యవస్థలలో, తాళము వేసికొనక బయటికి తీసిన ఫైలు చదువుటకు మాత్రమే వీలుగా వచ్చెడిది. ఇది దిద్దుటకు కాదని హెచ్చరించుట అందలి యుద్దేశము. అట్టి ఫైలుపై అతుకు వేసినచో నేమగును? ఎడిటరైనచో నిరాకరించును. ప్యాచ్ మాత్రము క్రొత్త ప్రతిని వేరుగా వ్రాసి, పేరు మార్చి పాతదాని స్థానమున నుంచును గనుక, డైరెక్టరీయందు అధికారమున్నంతవరకు ఫైలు నిషేధము దానికి అడ్డు కాదు. గ్నూ ప్యాచ్ ఇప్పుడు ఫైలు చదువుటకు మాత్రమే యున్నదని హెచ్చరించి, ఐనను అతుకు వేయుటకు ప్రయత్నించుచున్నానని చెప్పి ముందునకు సాగును. కఠినముగా నుండగోరువారికి, అట్టి చోట పని నిలిపివేయుమని కోరు వెసులుబాటును కలదు. డైరెక్టరీకే వ్రాయు అధికారము లేనిచో ఆ ఉపాయము సాగదు. నిక్స్ అను వ్యవస్థలో ఇది స్పష్టముగా కనబడును. అచ్చటి భాండారమున చేరిన ఫైలునకు 444 గాని 555 గాని తప్ప వేరు అనుమతి యుండదు, డైరెక్టరీలును అట్టివే. అందుచే అచ్చటి సోర్సును పనిచోటికి తెచ్చిన తరువాత, అతుకులు వేయుటకు ముందే, చెట్టంతటికిని యజమాని వ్రాయు అధికారమును చేర్చుట అచ్చటి నిర్మాణక్రమములో నొక నియత సోపానము. ఆ సోపానమును తప్పించి స్వయముగా క్రమము వ్రాసికొనువారు ఈ గుంటలోనే పడుచుందురు.

పాఠముతో కూడ అనుమతులను మోయు సాధనము లేకపోలేదు. 1979లో ఏడవ యూనిక్సుతో వచ్చిన టార్, ప్రతి ఫైలునకును ముందు ఒక శిరోభాగమును చేర్చి, అందు అనుమతులను, యజమాని సంఖ్యను, గుంపు సంఖ్యను వ్రాయును. కాని ఇచ్చటను చిక్కే. ఒకరి యంత్రమున 1000 అను సంఖ్య గల యజమాని, వేరొకరి యంత్రమున ముక్కుమొగము తెలియని మరియొకడు. సాధారణ వాడుకరి కట్టను విప్పినచో ఫైళ్లన్నియు విప్పినవాని సొత్తగును, ఉమాస్క్ అనబడు వడపోత వర్తించును. రూట్ విప్పినచో అందు వ్రాసిన సంఖ్యలే యథాతథముగా అమలగును. సోర్సును రూట్‌గా విప్పి, సాధారణ వాడుకరిగా అతుకు వేయబోయి, తన కట్టయందు తానే పరాయివాడైపోవుట ఈ కారణముననే. ఉమాస్క్ 022 ఐనచో క్రొత్త ఫైలు 644గాను, 002 ఐనచో 664గాను పుట్టును. ఒకే సోర్సు రెండు యంత్రములపై రెండు విధముల ప్యాకేజీలుగా తయారగుటకు ఈ స్వల్పభేదము చాలును. అందుచేతనే పునరుత్పాదనీయ నిర్మాణములను కోరి పరీక్షలు చేయు డెబియన్ వారు రెండవమారు నిర్మించునప్పుడు బుద్ధిపూర్వకముగా ఉమాస్క్‌ను మార్చిచూతురు.

ఇట్లుండగా 1990లలో లినక్సు ప్యాకేజీలు వచ్చినవి. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించెను. 1995లో రెడ్ హ్యాట్ వారి మార్క్ ఎవింగ్, ఎరిక్ ట్రోన్‌లు ఆర్‌పీఎంను వెలువరించిరి. నిర్మలమైన మూలకట్టను చెక్కుచెదరనీక, దానిపై అతుకులను వరుసగా వేసి నిర్మించుట రెండింటికిని సమానధర్మము. సమానబాధయు నొకటి కలదు. ప్యాకేజీలోని ఫైళ్లు రూట్ సొత్తుగా నుండవలెను. ఫైలును రూట్‌కు ధారాదత్తము చేయుటకు రూట్ కావలెను. కాబట్టి నిర్మించువాడు రూట్ కావలసివచ్చెను. ప్రారంభదినములలో ఆర్‌పీఎం కట్టువారు ప్రోగ్రామును తమ యంత్రములోని అసలు స్థానములయందే స్థాపించి, అచ్చటినుండి ప్యాకేజీని కూర్చెడివారు. మేక్‌ఫైలులో నొక్క దారి తప్పుగా పడినను, నిర్మాత తన యంత్రమును తానే పాడుచేసికొనెడివాడు. వేరొక డైరెక్టరీని మూలముగా భావించి అందు స్థాపించు పద్ధతియు, ఏ ఫైలునకు ఏ అనుమతి, ఎవరు యజమాని యని స్పెక్ ఫైలునందు ఆట్రిబ్యూట్ పంక్తులతో వ్రాసి తెలుపు పద్ధతియు వచ్చిన తరువాతగాని ఆర్‌పీఎం కట్టువానికి రూట్ అవసరము తీరలేదు.

డెబియన్ వారు ఎన్నుకొన్న మార్గము విచిత్రమైనది. 1997లో యూస్ట్ విట్టెవీన్ ఫేక్‌రూట్ అను ప్రోగ్రామును వ్రాసెను. ఇది ప్రతి ప్రోగ్రామునకును దాని గ్రంథాలయములకును మధ్య తాను ముందుగా చేరి, ‘నేనెవరు’ అని ప్రోగ్రాము అడిగినచో ‘నీవు రూట్‌వు’ అని బదులిచ్చును. ‘ఈ ఫైలును రూట్‌కు ధారపోయుము’ అన్నచో, నిజముగా నేమియు చేయక, అట్లు కోరినారని ప్రక్కన నొక సేవకునిచే వ్రాయించి యుంచును. తరువాత టార్ వచ్చి ‘ఈ ఫైలు ఎవరిది’ అని అడిగినచో, ఆ చిట్టాను చూచి ‘రూట్‌ది’ యని చెప్పును. టార్ ఆ మాటను నమ్మి శిరోభాగమున వ్రాసికొనును. ఇందలి సూక్ష్మత నొకదానిని చూడుడు: నిజమైన రూట్‌కు 444 అడ్డు కాదు గదా, ఫైలును 444 చేయుమని ప్రోగ్రాము కోరినచో ఫేక్‌రూట్ చిట్టాలో 444 అనియే వ్రాసి, అసలు ఫైలునకు మాత్రము యజమాని చదువు, వ్రాయు అధికారములను నిలిపియుంచును, లేనిచో తరువాతి మెట్టున తాను నటించు రూట్‌కే అనుమతి దొరకక నటన బయటపడును. గ్రంథాలయములతో స్థిరముగా కూడికొన్న ప్రోగ్రాముల యెదుట ఈ విద్య పారదు. ఇరువదియేండ్లు వేలకొలది ప్యాకేజీలు ఈ నటనపైననే నిర్మింపబడినవి.

ఫేక్‌రూట్ పుట్టిన 1997లోనే జోయీ హెస్ ప్రారంభించిన, డెబియన్ ప్యాకేజీలను కట్టుటకు తోడ్పడు డెబ్‌హెల్పరునందలి ఫిక్స్‌పెర్మ్స్ అను మెట్టు, నిర్మాణాంతమున చెట్టంతయు తిరిగి, గుంపునకును ఇతరులకును ఉన్న వ్రాయు అధికారమును తీసివైచి, పత్రములను 644గాను, బిన్ డైరెక్టరీలలోని ప్రోగ్రాములను 755గాను చక్కబెట్టును. అతుకులోను, కట్టలోను, ఉమాస్క్‌లోను జరిగిన నష్టమునకు ఇది చివరి మరమ్మతు.

777 ధారపోయుటను గూర్చి మొదట చెప్పితిని. అది అమాయకుల పొరపాటు మాత్రమే కాదు. ఒకప్పుడు పెద్దల విధియై యుండెను. గ్నూ వారి రచనానియమములలో, పంచిపెట్టు కట్టయందలి డైరెక్టరీలన్నియు 777గా నుండవలెనని చాలకాల ముండెను. దానికి కారణమును కలదు: పాతకాలపు టార్‌లు యజమానిని, అనుమతులను యథాతథముగా నిలిపెడివి గనుక, సాధారణ వాడుకరి విప్పునప్పుడు డైరెక్టరీ వేరొకరి సొత్తై, అందు ఫైళ్లు పెట్టుటకు వీలులేక పోవునని భయము. ఆ నియమమును ఆటోమేక్ శ్రద్ధగా పాటించినది. 2009లో దానివలని ముప్పు బయటపడినది: కట్టను తయారుచేయు కొద్ది క్షణములలో ఆ డైరెక్టరీలు ఆ యంత్రముపై నున్న అందరికిని తెరచియుండుటచే, ఎవడైనను లోనికి వచ్చి ఫైలును మార్చినచో, మార్చినదే కట్టలో చేరి లోకమంతటికిని పోవును. దానిని సవరించి 755 చేసిరి. ఐనను 2012లో, కట్టను విప్పి పరీక్షించు మెట్టునందు అదే దోషము మరల కనబడగా మరల సవరింపవలసివచ్చెను. ఒక కాలమున సహాయార్థము పెట్టిన సడలింపు, ఆ కాలము గడచిన పిదపను ఎట్లు నిలిచియుండి అపకారమగునో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కనబడదు.

అతుకులు అనుమతులను మోయుట నేర్చినది గిట్ వచ్చిన తరువాత. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దానిని మొదలుపెట్టెను. సాధారణపు ఫైళ్ల విషయమున గిట్ గమనించునది నడుపు బిట్టు ఉన్నదా లేదా యను ఒక్క సంగతినే; కావున అందు 644, 755 అను రెండే నిలిచినవి. తక్కినది ఎవరి ఉమాస్క్ వారిది. దానిని చరిత్రలో వ్రాయుట అనవసరము. ఈ విచక్షణ ప్రశంసనీయము. గిట్ తయారుచేయు అతుకు శిరోభాగమున పాత మోడ్ 100644, క్రొత్త మోడ్ 100755 అని స్పష్టముగా నుండును. కాని ఆ పంక్తులను చదువజాలని పాత ప్యాచ్ వానిని వ్యర్థపదములుగా నెంచి దాటిపోయెడిది. తప్పు జరిగినదని కూడ చెప్పదు. 2012 సెప్టెంబరులో వెలువడిన గ్నూ ప్యాచ్ 2.7 వానిని గ్రహించి అమలుచేయుట నేర్చినది. ల్యారీ వాల్ మొదటి ప్యాచ్‌నుండి ఇరువదియేడు సంవత్సరములు గడచినవి.

2017లో డెబియన్ వారి ప్యాకేజీ సాధనమగు డీపీకేజీ 1.19లో, ఈ ప్యాకేజీని నిర్మించుటకు రూట్ అక్కరలేదని నిర్మాత ఒక్క పంక్తిలో ప్రకటించు వీలు కలిగెను. యజమాని స్థానమున రూట్ అని నేరుగా వ్రాయుమని ప్యాకేజీ కట్టు ప్రోగ్రామునకే చెప్పవచ్చును. కట్ట శిరోభాగములోని యజమాని పేరు కేవలము అక్షరములే. దానిని వ్రాయుటకు రాజాధికార మక్కరలేదు. ఇంత సులభమైన సంగతిని అందుకొనుటకు ఇరువదియేండ్ల నటన అవసరమైనది.

మన భాషకును ఈ చరిత్రతో సంబంధము లేకపోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఫెడోరాలో ప్యాకేజీలుగా చేరినవి. ఫెడోరా వారు ఖతుల ప్యాకేజీలకై పూర్వము ఇచ్చిన నమూనాలో, డైరెక్టరీని 0755గాను, ఖతిని 0644గాను స్థాపింపుమని అంకెలతో వ్రాసియుండెను. విండోసునుండి, ఫ్యాట్ పద్ధతి గల పెన్‌డ్రైవులనుండి వచ్చు ఫైళ్లకు యూనిక్సు అనుమతులు లేవు గనుక, లినక్సు వానిని తరచుగా 755గా చూపును. అక్షరముల ఆకృతులు మాత్రమే యున్న ఖతిని నడుపదగిన ప్రోగ్రామువలె కనబరచును. అందుచే ఆ అంకెలను నమూనాలో నుంచుట అత్యవసరమాయెను.

కావున తెలుగు ఖతులను, కీబోర్డులను, అనువాదములను ప్యాకేజీలుగా కట్టు మన యువకులకు నా విన్నపము: స్క్రిప్టు నొకదానిని క్రొత్తగా చేర్చు అతుకును పంపునప్పుడు, సాదా డిఫ్‌తో కాక గిట్ డిఫ్‌తో తీసి, క్రొత్త ఫైలు మోడ్ అను పంక్తిలో 100755 ఉన్నదా యని ఒక్కసారి చూచి పంపుడు, ఖతులను స్థాపించు పంక్తిలో 0644 అని అంకెను విడువక వ్రాయుడు, అనుమతి దొరకలేదన్న మాట వినబడినప్పుడు, సుడో చేర్చుటకు ముందు, ఫైలు పైనున్న డైరెక్టరీ ఎవరిదో చూడుడు.